మసీదు గోడల మధ్య చర్చిని కొలిచాను: నా అనుభవం

స్పెయిన్‌లోని సెవిల్‌లో పాత కట్టడాల పరిరక్షణ మీద మాస్టర్స్ చేస్తున్నప్పుడు, థీసిస్ కోసం నేను ఎంచుకున్న విషయం ఒకప్పుడు మసీదులుగా కట్టి, తర్వాత చర్చిలుగా మారిన కట్టడాలు. 711లో అరబ్బు, ఉత్తర ఆఫ్రికా బెర్బర్ సైన్యాలు సముద్రం దాటి ఇక్కడికి వచ్చాయి. 1492లో అక్కడి చివరి ముస్లిం రాజ్యం గ్రనడా లొంగిపోయింది. ఈ మధ్య కాలంలో క్రైస్తవ రాజులు ఊళ్లను ఒక్కొక్కటిగా పట్టుకుంటూ దక్షిణానికి దిగారు. పట్టుకున్న ఊళ్లో పెద్ద మసీదు మామూలుగా చర్చి అయిపోయేది.

పని చెప్పుకోవడానికి తేలికే. కట్టడం దగ్గరికి వెళ్లాలి, కొలవాలి, ప్లాన్ గీయాలి, ఏ గోడ ఏ శతాబ్దానిదో తేల్చి రంగులు వేయాలి. ఫోన్లో నాన్నకి ఇదే చెప్తే, "గోడలు కొలవడానికి అంత దూరం పోవాలా అమ్మా, మన నిజామాబాద్‌లో గోడల్లేవా?" అన్నారు.

మా ప్రొఫెసర్ మేడమ్ మొదటి రోజు టేపు బయటికి తీయనివ్వలేదు. "ముందు దిక్కు చూడు" అన్నారు. తూర్పు ముఖం, ఉత్తర ముఖం అంటూ ఇళ్లు వెతికే మనకి ఈ మాట కొత్తేం కాదు కాబట్టి దిక్సూచి పట్టుకుని హుషారుగానే బయల్దేరాను. మసీదులో నమాజు చేసేవాళ్లకి ఎదురుగా ఉండే గోడ, అంటే కిబ్లా గోడ, మక్కా వైపు ఉండాలి. చర్చిలో బలిపీఠం సాధారణంగా తూర్పున ఉంటుంది. నేను కొలవాల్సిన ఇంకో నగరం కోర్డోబా నుంచి చూస్తే మక్కా దాదాపు తూర్పు దిక్కే, కాస్త దక్షిణానికి జరిగి ఉంటుందంతే. ఆ లెక్కన రెండు మతాల దిక్కూ ఇంచుమించు ఒకటే కావాలి. కానీ అక్కడి పెద్ద మసీదు దక్షిణ ఆగ్నేయానికి తిరిగి ఉంది. సెవిల్ మసీదైతే దాదాపు దక్షిణానికే. మక్కా దక్షిణాన ఉండే సిరియా నుంచి పాలకులు తెచ్చుకున్న అలవాటు అక్కడా కొనసాగిందని కొందరు, పాత రోమన్ వీధుల వరసలో కట్టేశారని కొందరు. పండితుల వాదన ఇంకా తెగలేదు.

కారణం ఏదైనా, ఆ తేడా మాలాంటి వాళ్లకి చాలా ఉపయోగం. నారింజ చెట్ల ప్రాంగణంలోంచి లోపలికి వెళ్తే ఒకప్పుడు నమాజు చేసేవాళ్లు నేరుగా ముందుకు నడిచేవాళ్లు. ఇప్పుడు ప్రార్థనకి వచ్చేవాళ్లు ఎడమచేతి వైపు తిరగాలి. కోర్డోబాలో అంతే, సెవిల్లో అంతే. అదే గది, అదే నేల, మనుషులు తిరిగే దిశ మాత్రం తొంభై డిగ్రీలు మారిపోయింది. ప్లాన్ మీద ఆ రెండు బాణం గుర్తులు వేశాక సగం గోడల సంగతి వాటంతట అవే చెప్పేస్తాయి.

సెవిల్‌తో మొదలుపెట్టడానికి కారణం బస్సు ఖర్చు లేకపోవడమే. ఎల్ సాల్వదోర్ అనే చర్చి పక్కన చిన్న ప్రాంగణం ఉంది. 9వ శతాబ్దంలో అది ఊరి పెద్ద మసీదు ఆవరణ. చుట్టూ ఉన్న స్తంభాలు అంతకన్నా పాతవి, రోమన్ల నాటివి. ఇన్ని శతాబ్దాల్లో వీధి మట్టం పెరుగుతూ పోయి స్తంభాలు సగానికి పైగా నేలలో కూరుకుపోయాయి. ఆకుల చెక్కడాలున్న స్తంభ శీర్షాలు, తల ఎత్తి చూడాల్సినవి, కూర్చుంటే మన పక్కనే ఉంటాయి. కుర్రాళ్లు వాటికి ఆనుకుని సాండ్‌విచ్‌లు తింటున్నారు. పాత మసీదునే చర్చిగా వాడుకుంటూ వచ్చి, 1671లో పడగొట్టి, 1712 నాటికి ఇప్పటి చర్చిని కట్టారు. అంటే చర్చిగా మారాక కూడా నాలుగు వందల ఏళ్ల పైన ఆ మసీదు నిలబడే ఉంది. ఇక్కడే నాకు మొదటి అనుమానం వచ్చింది. మనం అనుకున్నట్టు ఊరు గెలిచిన రోజే కూల్చేయడాలు పెద్దగా జరగలేదేమో అని.

సెవిల్ పెద్ద కెథెడ్రల్ (ఊరి ప్రధాన చర్చి) సంగతి కూడా అంతే. అల్మొహాద్ వంశపు ముస్లిం పాలకులు 1172లో మొదలుపెట్టించిన మసీదు అది. క్రైస్తవ రాజు మూడో ఫెర్డినాండ్ 1248లో ఊరు పట్టుకున్నాక అందులోనే బలిపీఠం పెట్టి నూటయాభై ఏళ్లు నడిపించారు. 1401లో కొత్తది కట్టాలని చర్చి పెద్దలు తీర్మానం చేశారు. పూర్తయ్యాక చూసినవాళ్లు మనకి పిచ్చి అనుకునేంత పెద్దది కట్టాలి అన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజంగా అలా అన్నారో లేదో గానీ కట్టింది మాత్రం అలాగే ఉంది. అయితే అంత పెద్ద చర్చి సిలువ ఆకారంలో సాగకుండా బండ దీర్ఘచతురస్రంగా ఉందేమిటి అంటే, పాత మసీదు పరిధి అదే కాబట్టి. పడగొట్టినా కొలత పోలేదు.

పడగొట్టకుండా ఉంచింది ప్రాంగణాన్ని, మినార్‌ని. ఆ మినారే ఇప్పటి గిరాల్డా. దాని పునాది దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చూస్తే రోమన్ రాళ్ల మీద లాటిన్ అక్షరాలు కనిపిస్తాయి. అల్మొహాద్ మేస్త్రీలు ఎక్కడో దొరికిన పాత శిలాఫలకాల్ని తెచ్చి పునాదికి వాడేసుకున్నారు. లోపల మెట్లు ఉండవు, గుర్రం మీద ఎక్కడానికి వీలుగా 35 వాలు దారులు, చివర్లో మాత్రం కొన్ని మెట్లు. పైన గంటల అంతస్తుని 1558 నుంచి 1568 మధ్యలో రెండో హెర్నాన్ రూయిజ్ కట్టాడు. రంగులు వేస్తే ఒకే గోపురంలో మూడు రంగులు వచ్చాయి. ఇక్కడి పని తొందరగానే అయిపోయింది.

కోర్డోబా పెద్ద మసీదు పని మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు.

అనుమతి కాగితం దగ్గరే చుక్కలు కనిపించాయి. ఒక ఆఫీసులో ఉత్తరం ఇస్తే ఇంకో ఆఫీసు సంతకం కావాలన్నారు, అక్కడికెళ్తే యూనివర్సిటీ ముద్ర సరిగ్గా పడలేదన్నారు. మన దగ్గర పని జరగనప్పుడు చుట్టూ తిరిగిన అనుభవం ఉంది కాబట్టి టెన్షన్ పడకుండా తిరిగాను. కాగితం వచ్చేదాకా సోమవారం నుంచి శనివారం వరకూ ఉదయం 8:30 నుంచి 9:30 దాకా ఉండే ఉచిత సమయంలో వెళ్లి చూసేదాన్ని. ట్రైపాడ్ లేదు, లేజర్ లేదు, నోటుబుక్కు, పెన్సిల్, బైనాక్యులర్స్ మాత్రమే. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఆలస్యం మంచికే. కొలతలు లేకపోతే కళ్లే పని చేస్తాయి.

ఆ కట్టడం ఒక్కసారి కట్టింది కాదు. కోర్డోబాని ఏలిన మొదటి అబ్దుర్ రహ్మాన్ 785 ప్రాంతంలో మొదలుపెట్టాడు. 9వ శతాబ్దంలో రెండో అబ్దుర్ రహ్మాన్, 960లలో రెండో అల్-హకమ్ దక్షిణానికి పెంచారు. 987 ప్రాంతంలో మంత్రి అల్-మన్సూర్ వంతు వచ్చేసరికి దక్షిణాన నది అడ్డం. అందుకని తూర్పున ఎనిమిది వరసలు కలిపాడు. దాంతో మిహ్రాబ్ (కిబ్లా గోడలో ఉండే గూడు) ఆ గోడకి నడిమధ్యలో లేకుండా పోయింది. ఈ నాలుగు దశల మధ్యా బోర్డేమీ ఉండదు. స్తంభాల్ని చూసి తెలుసుకోవాలి.

పాత భాగంలో ఒక స్తంభానికీ ఇంకో స్తంభానికీ పోలిక ఉండదు. రోమన్ల, వాళ్ల తర్వాత ఏలిన విసిగోత్‌ల కట్టడాల నుంచి తెచ్చినవి. ఒకదాని నెత్తిన ఆకులు ఇప్పుడే కోసినట్టు పదునుగా ఉంటాయి, పక్కదాని మీద ఏదో అరకొరగా గీకినట్టుంటాయి. పొడుగు కూడా సమానం కాదు. పొడుగువాటిని నేలలో లోతుగా దించి, పైన సమానం చేశారు. అల్-హకమ్ భాగానికి వచ్చేసరికి డబ్బు కనిపిస్తుంది. ఒక స్తంభం నీలి బూడిద రంగు, తర్వాతది గులాబీ రంగు, అలా వరస తప్పకుండా.

ఇక కమానులు. ఫొటోల్లో అందరూ చూసే ఎరుపు తెలుపు చారలు. కింద గుర్రపు లాడం ఆకారపు కమాను, దాని పైన ఇంకోటి. అబ్దుర్ రహ్మాన్ భాగంలో ఎరుపు అంటే నిజంగా ఇటుక, తెలుపు అంటే నిజంగా రాయి. రెండూ కలిసే చోట సున్నం గీత ఉంటుంది. అల్-మన్సూర్ భాగంలో బైనాక్యులర్స్‌తో చూస్తూ ఉంటే ఒక చోట ఎరుపు వెలిసిపోయి కింద రాయి బయటపడింది. పక్కది చూశాను, అదీ అంతే. అక్కడ ఇటుకే లేదు. మొత్తం రాయితో కట్టి, ఇటుకలా కనిపించాలని ఎర్ర రంగు పూశారు. వెయ్యేళ్ల కిందటి ఈ తొందర పని చూసి నాకు నవ్వాగలేదు. సెక్యూరిటీ ఆయన అనుమానంగా చూశాడు. ఈ భాగంలోనే రాళ్లు చెక్కినవాళ్ల గుర్తులు, పేర్లు స్తంభాల మీద ఉన్నాయి. వాటి అచ్చులు తీసి లోపల ఒక పక్క ప్రదర్శనకి పెట్టారు. తర్వాత లేజర్ మీటర్‌కి అనుమతి వచ్చినా, దాని ఎర్ర చుక్క ఎర్ర చార మీద పడితే కనిపించేది కాదు. తెల్ల రాయి మీదికి జరుపుకుంటూ కొలవడం ఒక పెద్ద అవస్థ.

1236 జూన్ 29న ఇది చర్చి అయింది. ఆ కాలపు ప్రతిష్ఠ పద్ధతిలో బిషప్ పవిత్ర జలం చల్లి, నేల మీద బూడిద పరిచి, ఒక మూల నుంచి ఇంకో మూలకి గ్రీకు, లాటిన్ అక్షరమాలలు రాసేవాడు. 997లో అల్-మన్సూర్ ఉత్తర స్పెయిన్‌లోని సాంతియాగో చర్చి గంటల్ని క్రైస్తవ బందీల భుజాల మీద ఇక్కడికి మోయించి తెచ్చాడట. ఫెర్డినాండ్ వాటినే ముస్లిం బందీల భుజాల మీద వెనక్కి మోయించాడట. గంటలకి లెక్క సరిపోయింది, మోసినవాళ్ల సంగతి ఎవరూ రాయలేదు.

ఆ తర్వాత రెండు వందల యాభై ఏళ్లు కట్టడంలో జరిగిన మార్పులన్నీ నా ప్లాన్ మీద సన్నటి గీతలే. అన్నదమ్ములు ఇల్లు పంచుకుని స్తంభానికీ స్తంభానికీ మధ్య గోడ పెట్టుకున్నట్టు, గోడల వెంబడి చిన్న చిన్న చాపెల్స్ (ప్రార్థన గదులు) వచ్చాయి. 1371లో పూర్తయిన రాజుల చాపెల్ చూస్తే ఇంకా వింత. క్రైస్తవ రాజుల సమాధుల కోసం కట్టిన గది, గార పని మొత్తం ముస్లిం శిల్పుల శైలిలో. ఊళ్లో మిగిలిన ముస్లిం వడ్రంగులు, మేస్త్రీలు ఏడాదికి రెండు రోజులు ఈ కట్టడం మరమ్మతుకి పని చేయాలని 13వ శతాబ్దంలో రాజాజ్ఞ కూడా ఉంది. అంటే కప్పు కారకుండా చూసుకున్నది కొంతవరకూ వాళ్లే.

అసలు కోత 1523లో. బిషప్ అలోన్సో మన్రీకే నడిమధ్యన కొత్త చర్చి లేపుతానన్నాడు. నగర పాలక మండలి ఒప్పుకోలేదు. పడగొట్టే పనిలో చేయి పెట్టిన ఏ మేస్త్రికైనా, వడ్రంగికైనా, కూలీకైనా మరణశిక్షే అని చాటింపు వేసింది. అదీ క్రైస్తవుల మండలే. తగువు చక్రవర్తి అయిదో చార్లెస్ దగ్గరికి వెళ్లింది, ఆయన బిషప్ వైపు తీర్పిచ్చాడు. తర్వాత వచ్చి చూసి, ఎక్కడా లేనిదాన్ని చెడగొట్టి ఎక్కడైనా ఉండేదాన్ని కట్టారని తిట్టాడని అందరూ చెప్తారు. ఆ మాటకి ఆధారం గట్టిది కాదు, గైడ్లకి మాత్రం చాలా ఇష్టం.

నేనూ తిట్టుకుంటూనే సెక్షన్ (కట్టడాన్ని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) గీయడం మొదలుపెట్టాను. గీస్తున్న కొద్దీ ఆ కొత్త చర్చి కట్టిన హెర్నాన్ రూయిజ్ మీద గౌరవం పెరిగింది. (సెవిల్ గంటల అంతస్తు కట్టినవాడి తండ్రి. తాత, తండ్రి, మనవడు ముగ్గురిదీ ఒకటే పేరు, నోట్స్ రాసుకునేవాళ్ల ప్రాణం తీయడానికి.) అంత ఎత్తు చర్చిని నిలబెట్టాలంటే పక్కనుంచి ఊతం కావాలి. ఆయన మసీదు కమానుల వరసల్నే ఊతంగా వాడుకున్నాడు. కొత్త గోడల్లోకి పాత కమానులు నేరుగా వెళ్లి కలుస్తాయి. కాగితం మీద ఆ కమానుల్ని తుడిచేస్తే చర్చి నిలబడదు. ఆ పని మొత్తం 1607 దాకా సాగింది. ఇప్పటికీ 850కి పైగా స్తంభాలు మిగిలాయి.

మిహ్రాబ్ గురించి ఒక్క మాట. దాని ముందున్న బంగారు మొజాయిక్ బైజాంటియం (ఇప్పటి ఇస్తాంబుల్) నుంచి వచ్చిన పనివాడి చేతి పని. చాలా కాలం ఒక బలిపీఠం అడ్డుగా ఉండి, 1815 ప్రాంతంలో దాన్ని తీశాక మళ్లీ పూర్తిగా బయటికి వచ్చింది. కప్పి ఉంచడం వల్లే బాగా మిగిలిందని నా అభిప్రాయం.

ఈ ఫొటోలు పెట్టినప్పుడల్లా ఇంటి నుంచి, కాలేజీ గ్రూపు నుంచి వచ్చే ప్రశ్న ఒకటే: "మన దగ్గర కూడా ఇలాంటివి ఉన్నాయి కదా?" ఉన్నాయి. మా జిల్లా బోధన్‌లోనే దేవల్ మసీదు ఉంది, గుడి స్తంభాలు అలాగే ఉండగా మసీదైంది. కోర్డోబాలో కూడా మసీదు కింద సాన్ వింసెంట్ చర్చి ఉండేదని సంప్రదాయం, తవ్వకాల్లో దొరికిన మొజాయిక్ ముక్కని అద్దం కింద చూపిస్తారు. అది చర్చిదేనా కాదా అన్నది ఇప్పుడు అక్కడ పెద్ద గొడవ. 2006లో చర్చి యాజమాన్యం 30 యూరోలు కట్టి మొత్తం కట్టడాన్ని తన పేర రిజిస్టర్ చేయించుకున్నాక గొడవ ఇంకా ముదిరింది. అదే కాలంలో స్పెయిన్ ముస్లిములు లోపల ప్రార్థనకి అనుమతి అడిగారు, బిషప్ కుదరదన్నారు. గ్రూపులో ఎవరు ముందు పడగొట్టారు అనే వాదన మొదలైతే నేను మ్యూట్‌లో పెట్టేస్తాను. గోడ ముందు నిలబడ్డప్పుడు నాకు కనిపించేది వేరే లెక్క.

ఆ లెక్క పల్లెల్లోకి వెళ్లాక తేలింది. సెవిల్‌కి దగ్గర్లో బొల్లుయోస్ అనే ఊరి బయట, పొలాల మధ్య కువాత్రోవితాస్ అనే చిన్న చర్చి ఉంది. అల్మొహాద్‌ల నాటి పల్లె మసీదు. గిరాల్డా కాలపు ఇటుక మినార్ పక్కనే ఉంది, దాని నెత్తిన ఏ గంటల అంతస్తూ లేవలేదు. అక్టోబరులో జాతర అప్పుడు తప్ప పెద్దగా జనం ఉండరు. తాళం చెవి ఉన్నాయన కోసం ఎండలో నిలబడ్డ సమయంలోనే మినార్ నాలుగు ముఖాలూ గీసేశాను.

ఉయెల్వా కొండల్లో అల్మోనస్తర్ లా రియల్ ఇంకా నయం. కోట లోపల, 9, 10 శతాబ్దాల నాటి మసీదు, అయిదు వరసలు, పాత రోమన్, విసిగోత్ స్తంభాలు. మిహ్రాబ్ గార రాలిపోయి రాళ్లు, ఇటుకలు బయటికి కనిపిస్తాయి. పక్కనే ఎద్దుల పోట్ల రింగు. మార్చింది యేసు తల్లి మరియమ్మ పేరిట చర్చిగానే, కానీ మార్చడానికి ఊళ్లో డబ్బే లేదు. ఒక గది కలిపారు, మినార్‌కి గంట కట్టారు, అయిపోయింది. సెవిల్‌కి అమెరికా బంగారం రాకముందే సొంత సంపద ఉంది, అది మసీదుని మింగేసింది. టొలెడో నగరం 1085లో క్రైస్తవుల చేతికి వచ్చింది, ఆర్చిబిషప్‌కి బలం ఉంది, 1226 ప్రాంతంలో పెద్ద మసీదు స్థలంలో కెథెడ్రల్ మొదలైంది. కోర్డోబా మధ్యస్థం, సగమే కోసుకోగలిగింది. అల్మోనస్తర్‌కి ఏమీ లేదు కాబట్టి మసీదు మిగిలింది. మతం ఏ రోజు మార్చాలో నిర్ణయించింది, ఎంత పడగొట్టాలో మాత్రం డబ్బు నిర్ణయించింది. నా థీసిస్ మొత్తం ఈ ఒక్క మాట మీదే నడిచింది.

టొలెడోలో కూడా చిన్న మసీదు ఒకటి బతికింది. క్రిస్తో దె లా లూస్, ఒక్కో పక్క దాదాపు ఎనిమిది మీటర్లే. ముందు గోడ మీద ఇటుకలతోనే పేర్చిన అరబ్బీ శాసనం కట్టిన సంవత్సరాన్ని చెప్తుంది, మన లెక్కలో 999. లోపల నాలుగు స్తంభాలు, తొమ్మిది గళ్లు, ఒక్కో గడి కప్పులో పట్టీల అల్లిక ఒక్కో రకం. 12వ శతాబ్దం చివర్లో ఈశాన్యం వైపు అర్ధవృత్తాకారపు గది ఒకటి అతికించి చర్చి చేశారు. కిబ్లా ఆగ్నేయం వైపు. మేడమ్ చెప్పిన తొంభై డిగ్రీల మలుపు ఇంత చిన్నగా, ఇంత స్పష్టంగా ఇంకెక్కడా లేదు. కప్పులు గీయడానికి నేల మీద వెల్లకిలా పడుకోవాల్సి వచ్చింది, టూరిస్టులు దాటుకుంటూ వెళ్లారు.

థీసిస్ పరీక్షించే జ్యూరీలో ఒకాయన, "మసీదు ఆకుపచ్చ, చర్చి నీలం వేశావు, మరి ముస్లిం మేస్త్రీలు చర్చి కోసం కట్టిన రాజుల చాపెల్ ఏ రంగు?" అని అడిగారు. ఎవరి మతమని కాదు, ఏ శతాబ్దమని రంగులు వేశానని చెప్పాను. ఆకుపచ్చ కేవలం 10వ శతాబ్దం. మళ్లీ ఒకసారి రంగుల పట్టిక చూసి తల ఊపారు. పాసయ్యాను.

తర్వాత 2025 ఆగస్టు 8 రాత్రి కోర్డోబాలో, అల్-మన్సూర్ భాగంలో ఊడ్చే యంత్రం నుంచి మంటలు లేచి ఒక చాపెల్ కప్పు కూలిందని వార్త వచ్చింది. మా బ్యాచ్ గ్రూపులో అందరం పాత ఫైళ్లు తెరిచి ఆ మూల ఎవరు కొలిచారో వెతుక్కున్నాం. నష్టం ఆ చుట్టుపక్కలకే పరిమితమైంది, మర్నాడే సందర్శకుల్ని రానిచ్చారు.

వెళ్లాలనుకునేవాళ్లకి: కోర్డోబాకి ఉదయం ఉచిత సమయంలో ఒకసారి, టికెట్ కొని ఒకసారి, రెండుసార్లు వెళ్లండి. బైనాక్యులర్స్ తీసుకెళ్లండి. ఎల్ సాల్వదోర్ ప్రాంగణాన్ని సెవిల్‌లో ఎవరూ చూపించరు, అడిగి వెళ్లండి. అల్మోనస్తర్‌కి బస్సులు తక్కువ, కారుంటే మేలు. అక్టోబరులో ఆ ఊళ్లో ఇస్లామిక్ సంస్కృతి ఉత్సవాలు జరుగుతాయి, ఆ రోజుల్లో వెళ్తే సందడిగా ఉంటుంది గానీ బస దొరకడం కష్టం.